'ఓన్లీ' అన్నచోటల్లా 'మాత్రమే' అని రాయాల్సిందేనా?

కావలి_అనువాదం
రొయ్యల చెరువుల మందులకు, మేతలకు కంపెనీలు వేసే కరపత్రాలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేయడం నా పని. కావలి, అల్లూరు, విడవలూరు వైపు రైతులు చెరువు గట్టు మీద నిలబడి చదువుకునే కాగితాలవి. రసాయనాల పేర్లు ఎంత పొడుగున్నా వాటితో నాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేదల్లా 'ఓన్లీ' అనే చిన్న మాట.

ఈ వారం వచ్చిన కాగితంలో ఒక ప్రోబయోటిక్ పొడి గురించి ఇలా ఉంది: 'షుడ్ ఓన్లీ బీ మిక్స్‌డ్ విత్ వాటర్ ఇన్ ది ట్యాంక్'. దీన్ని ఏమని తీసుకోవాలి? నీళ్ళలోనే కలపాలి, మరే పదార్థమూ కూడదు అనా? తొట్టిలోనే కలపాలి, నేరుగా చెరువులో పోయకూడదు అనా? కలపడం వరకే చేయాలి, నానబెట్టి పులియబెట్టకూడదు అనా? ఇదే మందుకు ఇదివరకు వేసిన కాగితంలో 'తొట్టిలో నీటితో మాత్రమే కలపవలెను' అని ఉంది. అది మొదటి అర్థాన్ని ఖాయం చేసేసింది. కంపెనీ ఉద్దేశం అదేనా అని ఎవరూ అడిగినట్టు లేదు. ఓన్లీ కనిపిస్తే చాలు, మాత్రమే అని దించేసే ఈ అలవాటు మనకు ఎక్కడిది? ఇంగ్లీషు, తెలుగు రెండూ బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు, చెప్పండి.

పెన్నా_గట్టు
ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు దించండి. మాత్రమే అని రాస్తే తప్పు పట్టేవారు ఎవరూ ఉండరు. అయినా కరపత్రం చదివి మందు చల్లే రైతు ఎక్కడున్నాడు?

విడవలూరు_చెరువు
ఇక్కడే ఉన్నాను. నేను చదువుతాను, మా గట్టు మీద మిగతావాళ్ళకు చదివి వినిపిస్తాను కూడా.

ఆ ఒక్క వాక్యం మీద మాకు ఎంత ఆధారపడి ఉంటుందో చెబుతాను. ప్రోబయోటిక్ అంటే బతికి ఉన్న సూక్ష్మజీవులు. కొన్ని రకాలను బెల్లం నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గాలి కొట్టి, మర్నాడు చెరువులో పోస్తాం. అడుగు మట్టి కోసం వచ్చే రకాలను ఇసుకలో కలిపి చల్లుతాం. మేతకు పట్టించేవి వేరే ఉంటాయి. ఇప్పుడు మీరు 'నీటితో మాత్రమే' అని రాస్తే నేను బెల్లం మానేస్తాను. 'తొట్టిలోనే' అని రాస్తే బెల్లం వేసి తొట్టిలో కలుపుతాను. ఒక మాట తేడాకు నేను చేసే పని మొత్తం మారిపోతుంది. అంతా అయ్యాక, తెల్లారి గట్టు మీదికి వెళ్ళి చూస్తే రొయ్యలు మేత తినవు, కారణం ఏమిటో ఎవరికీ తెలియదు. కాబట్టి పెన్నా_గట్టు గారూ, తప్పు పట్టేవారు ఉన్నారు.

పెన్నా_గట్టు
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంగ్లీషు వాక్యమే అస్పష్టంగా ఉంటే తెలుగువాడు ఏమి చేస్తాడు?

ఒంగోలు_మాస్టారు
అస్పష్టత అక్కడే ఉంది, నిజమే. ఎందుకు ఉందో చెబుతాను.

ఇంగ్లీషులో ఈ మాటకు మూలం 'ఒకటి'. పాత ఇంగ్లీషులో 'ఒకటి వంటిది' అనే అర్థంలో పుట్టింది. దాని పని ఒకదాన్ని ఉంచి మిగతావాటిని బయటికి తోయడం. అయితే ఏ మాటను పట్టుకుంటుందో దాని పక్కనే నిలబడాలన్న నియమం దానికి లేదు. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎక్కువగా క్రియకు ముందు పెట్టేస్తారు. ఏ మాటను పట్టుకున్నదో గొంతుతో చెబుతారు, ఆ మాటను ఒత్తి పలుకుతారు. కాగితానికి గొంతు లేదు కదా, అందుకే రాతలో చిక్కు వస్తుంది.

ఈ చిక్కు మీద ఇంగ్లీషువాళ్ళు తమలో తాము చాలాకాలం వాదించుకున్నారు. ఓన్లీని తాను పట్టుకునే మాట పక్కనే పెట్టాలని ఒక వర్గం పట్టుబట్టింది. 1926లో తన వాడుక నిఘంటువు వేసిన ఫౌలర్ వాళ్ళ పట్టుదలను మెచ్చలేదు. 'హీ ఓన్లీ డైడ్ ఎ వీక్ అగో' అనే వాక్యాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. వారం క్రితమే పోయాడని విన్నవాడికి అర్థమవుతూనే ఉంది, మాటను అక్కడి నుంచి పీకి ఇక్కడ పెట్టడం దేనికని ఆయన వాదన. అర్థం చెడనప్పుడు అది నిజమే. చెరువు మందు కాగితంలో మాత్రం అర్థం చెడుతోంది.

పొదిలి_మెడికల్స్
చనిపోవడం మాత్రమే చేశాడు, ఇంకేమీ చేయలేదు అని అనువాదం చేసేవాళ్ళు కూడా ఉంటారు మాస్టారూ.

డీఎస్సీ_దీక్ష
మాస్టారూ, మాకు కోచింగులో ఒకే వాక్యంలో ఓన్లీని ఒక్కో చోట పెట్టి అర్థం ఎలా మారుతుందో రాయమంటారు. ఇంగ్లీషులో చేస్తే తల తిరుగుతుంది. తెలుగులో అలాంటిది చేయవచ్చా?

ఒంగోలు_మాస్టారు
తెలుగులో ఇంకా బాగా వస్తుంది. ఈ వాక్యం తీసుకో: 'సుబ్బయ్య నిన్న ఒంగోలులో గిత్తను కొన్నాడు.'

సుబ్బయ్యే కొన్నాడు అంటే ఇంకొకరు కాదు. నిన్ననే కొన్నాడు అంటే మొన్న కాదు, లేదా ఇంత ఈమధ్యనే అని. ఒంగోలులోనే కొన్నాడు అంటే వేరే సంతలో కాదు. గిత్తనే కొన్నాడు అంటే ఆవును కాదు. చూశావా, మన 'ఏ' ఏ మాటను పట్టుకోవాలో దాని చివరనే అతుక్కుంటుంది. మాటలను వాక్యంలో ఎటు జరిపినా 'ఏ' కూడా దానితోపాటే వెళ్తుంది. ఇంగ్లీషువాడు గొంతుతో చేసే పనిని మనం ఒక్క అచ్చుతో చేస్తాం.

అనువాదకుడికి వచ్చే కష్టమూ ఇదే. ఇంగ్లీషు తేల్చకుండా వదిలేసినదాన్ని తెలుగు తేల్చి తీరాలి. 'ఏ' ను గాలిలో వేలాడదీయలేం కదా, ఏదో ఒక మాటకు తగిలించాల్సిందే. అందుకే కావలి_అనువాదం గారికి ఆ మూడు ప్రశ్నలూ వచ్చాయి. అవి ఆయనకు రావడం మంచి అనువాదకుడి లక్షణం.

డీఎస్సీ_దీక్ష
క్రియను వదిలేశారు. 'కొన్నాడే' అంటే?

ఒంగోలు_మాస్టారు
మంచి ప్రశ్న. అక్కడ తెలుగు దారి మార్చుకుంటుంది. 'కొన్నాడే!' అంటే ఆశ్చర్యమో నిష్ఠూరమో అవుతుంది. 'కొననే కొన్నాడు' అంటే కొన్నమాట నిజం అని గట్టిగా చెప్పడం. రెండిట్లోనూ 'కొనడం తప్ప వేరే పని చేయలేదు' అనే అర్థం రాదు. ఆ అర్థం కావాలంటే మనవాళ్ళు ఏమంటారు? 'కొన్నాడు, అంతే.' 'చూశాను అంతే, ముట్టుకోలేదు.' క్రియను పట్టుకునే ఓన్లీకి తెలుగులో సహజమైన రూపం ఈ 'అంతే'. 'చూడటం మాత్రమే చేశాను' అని పుస్తకాల్లో రాస్తున్నారు గానీ ఇంట్లో ఎవరూ అలా అనరు.

కనిగిరి_కోమలి
'అంతే' గురించి ఇంతవరకు ఆలోచించనే లేదు. మా పిల్లవాడు రోజూ అంటాడు, 'తోశాను అంతే, కొట్టలేదు' అని.

దస్తావేజు_రాతగాడు
మాస్టారి మాట కాదనను గానీ 'ఏ' మీద అంత భరోసా పెట్టుకోకండి. 'ఈ పొలం నేనే అమ్మాను' అంటే రెండు అర్థాలు ఉన్నాయి. అమ్మింది నేనే, ఇంకెవరో కాదు అని ఒకటి. నేను ఒక్కడినే అమ్మాను, అన్నదమ్ములు సంతకం పెట్టలేదు అని ఇంకొకటి. కోర్టుకు వెళ్తే ఆ రెండిటి మధ్య నలిగిపోతారు. అందుకని మా రాతలో 'నేను ఒక్కడినే', 'మాత్రమే', 'తప్ప మరెవరికీ' అని విడమరిచి రాస్తాం. 'ఏ' ఒక్కటే పెట్టి వదిలేయడం మాకు పెద్దలు నేర్పలేదు.

ఇక మాత్రమేను అందరూ తిడుతున్నారు కాబట్టి దాని పక్షాన ఒక మాట. 'అక్షరాల పది లక్షల రూపాయలు మాత్రమే' అని రాస్తాం. చెక్కు మీద కూడా అంకె తర్వాత అక్షరాల్లో రాసి చివర ఓన్లీ అంటారు. అక్కడ దాని అర్థం 'తక్కువ' అని కాదు. ఇక్కడితో అంకె మూసేశాం, ఇక దీని పక్కన ఎవరూ 'యాభై వేలు' అని చేర్చడానికి వీల్లేదు అని. చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, కానీ అది లేని పత్రాన్ని నేను చేతి నుంచి వదలను.

కనిగిరి_కోమలి
మా దుకాణంలో దానికి తిరగబడిన అర్థం! చీర మీద '499 మాత్రమే' అని చీటీ అంటిస్తే 'ఇంత తక్కువ' అని చెప్పడమే. పత్రంలో పది లక్షలు మాత్రమే అంటే తాళం వేయడం, చీర మీద 499 మాత్రమే అంటే తలుపు తీసి పిలవడం. మాట ఒక్కటే.

నేనైతే బోర్డు మీద '499కే' అని రాయిస్తాను. ఆ 'కే' చూస్తే మనిషి పిలిచినట్టు ఉంటుంది. మాత్రమే అంటే పత్రం చదివినట్టు ఉంటుంది.

దస్తావేజు_రాతగాడు
499కే అన్నది చాలా బాగుంది అమ్మా. దస్తావేజులో పెట్టలేను గానీ.

పెన్నా_గట్టు
మాత్రమే వేరు, మాత్రం వేరు అన్నది కూడా ఎవరైనా చెప్పాలి. టీవీ వార్తల్లో ఈ రెండూ కలిపేస్తున్నారు. 'అందరూ వచ్చారు, ఆయన మాత్రం రాలేదు' అంటే మిగతావాళ్ళతో పోల్చి ఆయన సంగతి వేరు అని. 'ఆయన మాత్రమే రాలేదు' అంటే రానిది ఆయన ఒక్కడే అని లెక్క తేల్చడం. దగ్గరగా ఉన్నా ఒకటి కాదు.

ఒంగోలు_మాస్టారు
చాలా సరిగ్గా చెప్పారు. మాత్రం అంటే సంస్కృతంలో కొలత, పరిమాణం. దానికి మన 'ఏ' చేరితే మాత్రమే. అంటే మాత్రమేలో పని చేసేది కూడా చివరికి ఆ 'ఏ' నే. కొందరు 'కేవలం నీటితో మాత్రమే' అంటారు. కేవలం ఒకటి, మాత్రం ఒకటి, ఏ ఒకటి. ఒకే పనికి ముగ్గురిని పెట్టారన్నమాట.

మొలగొలుకులు
నిన్నటి వార్త ఒకటి చెబుతాను. 'మంత్రి నిన్న మాత్రమే నెల్లూరు వచ్చారు' అని చదివారు. ఇంగ్లీషు వార్తలో 'ఓన్లీ యెస్టర్‌డే' అని ఉండి ఉంటుంది. తెలుగులో 'నిన్ననే వచ్చారు' అంటే ఈమధ్యే వచ్చారని. 'నిన్న మాత్రమే వచ్చారు' అంటే మిగతా రోజుల్లో రాలేదని ఆరోపణ! ఆ మంత్రి గారు విని ఉంటే బాధపడి ఉండేవారు. కాలం చెప్పే మాటలకు మాత్రమే అస్సలు నప్పదు. ఇప్పుడే, నిన్ననే, మొన్ననే, పోయిన వారమే. ఇవి చాలు.

డీఎస్సీ_దీక్ష
'అప్పుడే' సంగతి ఏమిటి? 'డబ్బు ఇస్తే అప్పుడే వస్తాను' అంటే ఓన్లీ దెన్. 'అప్పుడే వచ్చేశావా?' అంటే ఆల్రెడీ. ఒకే మాట రెండు ఇంగ్లీషు మాటలకు సరిపోతోంది.

మొలగొలుకులు
అవును. ఇంగ్లీషు పిల్లలు ఎవరైనా తెలుగు నేర్చుకుంటే అక్కడ వాళ్ళకు తల తిరుగుతుంది. నీకు బదులు తీరినట్టే.

బెంగుళూరు_నెల్లూరోడు
నాకు ఆఫీసులో జరిగే బాధ వేరు. 'ఐ యామ్ హియర్ ఓన్లీ' అంటాను. 'ఇక్కడే ఉన్నాను' అని నా ఉద్దేశం. పక్కన ఢిల్లీ అబ్బాయి కూడా అలాగే అంటాడు, తమిళ అమ్మాయి కూడా అలాగే అంటుంది, మా ముగ్గురికీ ఏ ఇబ్బందీ లేదు. లండన్ నుంచి వచ్చిన మేనేజరు మాత్రం వాక్యం ఇంకా ఉందేమో అన్నట్టు ఎదురు చూస్తాడు. ఇది తప్పా?

ఒంగోలు_మాస్టారు
పరీక్షలో రాస్తే నేను ఎర్ర సిరా పెడతాను. ఓన్లీని వాక్యం చివర తగిలించడం ఇంగ్లీషు పద్ధతి కాదు.

పొదిలి_మెడికల్స్
మాస్టారూ, ఇక్కడ మీతో ఒప్పుకోను. మా షాపులో షెడ్యూల్ హెచ్ మందుల మీద ఇదివరకు చట్టం ప్రకారం ముద్రించిన హెచ్చరికలో, రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ మీదనే అమ్మాలని చెప్పే వాక్యం 'ఓన్లీ' తోనే ముగిసేది. పైపూత మందు మీద 'ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ' అని ఉంటుంది. 'లేడీస్ ఓన్లీ', 'స్టాఫ్ ఓన్లీ' అని బోర్డులు కూడా. ఇవన్నీ చివరే కదా. మరి చివర తగిలించడం ఇంగ్లీషు కాదని ఎలా అంటారు?

ఒంగోలు_మాస్టారు
మంచి సాక్ష్యం తెచ్చారు. నా మాటను కొంచెం సవరిస్తాను. బోర్డుల్లో, చట్టాల్లో, హెచ్చరికల్లో చివర రావడం ఇంగ్లీషులో పాత పద్ధతే. కానీ అక్కడ అది మిగతావాళ్ళను గెంటుతోంది. స్త్రీలకు తప్ప ఇతరులకు కాదు, పైపూతకు తప్ప మింగడానికి కాదు. 'ఐ యామ్ హియర్ ఓన్లీ' లో ఎవరినీ గెంటడం లేదు, 'ఇక్కడే' అని నొక్కుతున్నాం. చోటు ఒకటే, పని వేరు. లండన్ మేనేజరుకు తెలిసింది గెంటే పని ఒక్కటే, అందుకే ఆయన 'ఇంకెక్కడ ఉండాలి?' అని చూస్తున్నాడు.

చీమకుర్తి_రాయి
ఈ తేడాకు మాకు డబ్బు పోయినంత పని అయింది. మాది చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. నల్ల రాయిలో బంగారు చుక్కలు ఉండే గెలాక్సీ రకం, విదేశాలకు వెళ్తుంది. బయటి దేశం కొనుగోలుదారు బ్లాకులు ఎక్కడున్నాయని అడిగాడు. మా గుమాస్తా 'బ్లాక్స్ ఆర్ ఇన్ పోర్ట్ ఓన్లీ' అని మెయిల్ పెట్టాడు. రేవులోనే ఉన్నాయి, నిశ్చింతగా ఉండండి అని మావాడి ధైర్యం. అతను దాన్ని 'ఇంకా రేవు వరకే వచ్చాయి, ఓడ ఎక్కలేదు' అని చదువుకుని సరుకు ఆలస్యమైందని ఘాటుగా జవాబు పెట్టాడు. ఫోను చేసి నచ్చచెప్పడానికి ఒక రోజంతా పట్టింది. మనలో మనం ఎలా మాట్లాడుకున్నా ఫరవాలేదు. వ్యాపార ఉత్తరంలో మాత్రం మానుకోవాలి.

బెంగుళూరు_నెల్లూరోడు
ఉత్తరంలో మానుకుంటాను. మాటల్లో మానను. దేశమంతా కోట్ల మంది ఒకే పద్ధతిలో, ఒకే అర్థంలో వాడి ఒకరికొకరు అర్థం చేసుకుంటున్నప్పుడు దాన్ని తప్పు అనడం నాకు న్యాయంగా కనిపించదు. హిందీవాళ్ళకు 'హీ' ఉంది, మనకు 'ఏ' ఉంది, తమిళులకు 'దాన్' ఉంది. ఇన్ని భాషలకు ఆ నొక్కు కావాలి. ఇంగ్లీషులో అది లేదు, మనం చేసుకున్నాం.

ఒంగోలు_మాస్టారు
ఆ వాదనలో బలం ఉంది. అయినా ఎర్ర సిరా పెడతాను, నా విద్యార్థి రేపు మార్కులు పోగొట్టుకోకూడదు.

కనిగిరి_కోమలి
ఆర్టీసీ బస్సులో రాసి ఉండే మాట గుర్తుందా? 'వారికి కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దాం.' అక్కడ 'స్త్రీలకు మాత్రమే' అని బోర్డు పెడితే ఆజ్ఞ. 'వారినే కూర్చోనిద్దాం' అంటే మర్యాదగా అడగడం. అది రాసినవారెవరో గానీ ఆ 'నే' ను ఎక్కడ పెట్టాలో బాగా తెలిసినవారు.

విడవలూరు_చెరువు
బాగా గుర్తుచేశారు అక్కా. కావలి బస్సు ఎక్కినప్పుడల్లా చదువుతాను.

దస్తావేజు_రాతగాడు
నాకు ఎక్కువగా తగిలే తగాదా ఇంకొకటి ఉంది: 'ఇస్తే' కు, 'ఇస్తేనే' కు తేడా. 'మిగతా సొమ్ము ఇస్తే రిజిస్ట్రేషన్ చేస్తాను' అంటే సొమ్ము ఇచ్చాక చేసి తీరాలి. 'ఇస్తేనే చేస్తాను' అంటే ఇవ్వకపోతే చేయనని చెప్పడం. ఇచ్చాక చేస్తానన్న మాట అందులో గట్టిగా లేదు. ఇంకా వేరే షరతులు ఉండవచ్చు. ఇంగ్లీషులో 'ఇఫ్', 'ఓన్లీ ఇఫ్' మధ్య తేడా కూడా సరిగ్గా ఇదే. మాటల్లో అందరూ రెండిటినీ ఒకటిగానే వింటారు. కాగితం మీదికి వచ్చాక తగాదా మొదలవుతుంది.

డీఎస్సీ_దీక్ష
ఉద్యోగ ప్రకటనల్లో కూడా! 'టెట్‌లో అర్హత ఉంటేనే దరఖాస్తు చేయవచ్చు' అంటే అర్హత వచ్చిందని ఉద్యోగం వచ్చినట్టు కాదు. మా ఇంట్లో టెట్ అయిన రోజే స్వీట్లు పంచారు.

మొలగొలుకులు
పంచడం తప్పు కాదు అమ్మా. రెండోసారి కూడా పంచుతారు.

పెన్నా_గట్టు
'ఇస్తేనే' కి ఇంకొక రూపం ఉంది. 'నీళ్ళు వదిలితే గానీ నాట్లు పడవు.' సోమశిల నీళ్ళ కోసం మా డెల్టా అంతా ఏటా అనే మాటే అది. 'నీళ్ళు వదిలినప్పుడు మాత్రమే నాట్లు వేయబడతాయి' అని ఎవరైనా రాస్తే చదివిన రైతుకు అది తన పొలం సంగతి అనిపించదు. మొదట నేను ఉన్నది ఉన్నట్టు దించమన్నాను. ఇప్పుడు ఈ 'గానీ' కోసమైనా అలా దించకూడదు అంటాను.

కావలి_అనువాదం
నిన్నటి నుంచి ఇవన్నీ చదువుతూ ఉన్నాను. ఇంగ్లీషు వాక్యాన్ని ఎంత చదివినా తేలదని మాస్టారి మాటతో ఖాయమైంది. కాబట్టి కంపెనీ సాంకేతిక నిపుణుడికి ఫోను చేసి 'ఓన్లీ అంటే ఏమిటి' అని అడగకుండా, విడవలూరు_చెరువు గారు చెప్పిన పనులు ఒక్కొక్కటీ అడిగాను. బెల్లం వేయవచ్చా? వద్దు. ఇసుకలో కలిపి చల్లవచ్చా? వద్దు. మేతకు పట్టించవచ్చా? వద్దు. తొట్టి కాకుండా డ్రమ్ములో కలిపితే? ఏదైనా ఫరవాలేదు, శుభ్రంగా ఉంటే చాలు. బ్లీచింగ్ వేసిన నీళ్ళు? అస్సలు వద్దు, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

అంటే ఆ ఓన్లీ పట్టుకున్నది నీళ్ళను. తొట్టి ఊరికే ఉంది. పాత అనువాదం అర్థం విషయంలో సరిగ్గానే ఉంది. కానీ చదివే రైతుకు 'మాత్రమే' లో ఏమేమి మానాలో కనిపించదు. ఇలా రాశాను:

'ఈ పొడిని మంచి నీళ్ళలో తప్ప మరి దేనిలోనూ కలపకండి. బెల్లం, ఇసుక, మేత కలపవద్దు. బ్లీచింగ్ వేసిన నీళ్ళు వాడవద్దు. కలిపే పాత్ర శుభ్రంగా ఉండాలి.'

ఒక వాక్యం నాలుగు వాక్యాలైంది. కంపెనీవాళ్ళు చోటు చాలదంటారేమో, అయినా ఇదే పంపుతాను.

విడవలూరు_చెరువు
దీన్ని చదివి వినిపిస్తే గట్టు మీద ఎవరూ నన్ను తిరిగి ప్రశ్న అడగరు. ఒక్క సంగతి. 'మంచి నీళ్ళు' అంటే ఇక్కడ తాగే నీళ్ళు అనుకుంటారు, బోరు నీళ్ళు పనికిరావేమో అని ఆగిపోతారు. 'బ్లీచింగ్ కలపని నీళ్ళు' అంటే చాలు.

కావలి_అనువాదం
మార్చాను. ఇది నాకు తట్టి ఉండేది కాదు.

దస్తావేజు_రాతగాడు
'తప్ప' వాడటం చాలా బాగుంది. మూయాల్సిన తలుపులన్నీ మూసుకున్నాయి.

పొదిలి_మెడికల్స్
మందుల సీసాలకు కూడా ఇలా ఎవరైనా రాస్తే బాగుండు. 'పైపూతకు మాత్రమే' అని ఉన్న సీసాను పట్టుకుని, దెబ్బ తగిలిన చోట రాయవచ్చా, కంటి పక్కన రాయవచ్చా అని రోజూ అడుగుతారు. మింగకూడదన్న సంగతి తెలుస్తుంది, ఎక్కడ రాయాలో తెలియదు.

చీమకుర్తి_రాయి
'నాట్ ఓన్లీ, బట్ ఆల్సో' కు ఏమి రాయాలి? మా కంపెనీ పరిచయ పత్రం తెలుగులో వేయిస్తున్నాం. 'కేవలం గ్రానైట్ మాత్రమే కాకుండా పాలరాయిని కూడా' అని రాసి ఇచ్చారు. నోటికి అడ్డం పడుతోంది.

మొలగొలుకులు
'గ్రానైటే కాదు, పాలరాయి కూడా అమ్ముతాం.'

చీమకుర్తి_రాయి
ఇంత చిన్నదా! డబ్బు ఇచ్చి రాయించిన వాక్యం కంటే ఇదే నయం.

ఒంగోలు_మాస్టారు
ఓన్లీ పక్కన వేరే మాట చేరినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'ఓన్లీ టూ హ్యాపీ' అంటే కొంచెమే సంతోషం కాదు, మహా సంతోషం. అక్కడ ఓన్లీ తగ్గించదు, పెంచుతుంది. 'తప్పకుండా వస్తాను, అంతకంటేనా!' అన్నది మన పద్ధతి.

'ఓన్లీ టు' మరీ మోసకారి. పరుగెత్తుకుంటూ స్టేషనుకు వెళ్ళాడు, తీరా చూస్తే రైలు వెళ్ళిపోయింది. ఆ 'తీరా చూస్తే' ను ఇంగ్లీషులో 'ఓన్లీ టు ఫైండ్' అంటారు. దీన్ని 'రైలు వెళ్ళిపోయిందని తెలుసుకోవడానికి మాత్రమే స్టేషనుకు వెళ్ళాడు' అని అచ్చులో చూశాను. ఆ మనిషి పాపం రైలు ఎక్కడానికే వెళ్ళాడు.

కనిగిరి_కోమలి
తీరా చూస్తే! మా అమ్మ ప్రతి కథలోనూ ఆ మాట ఉంటుంది.

బెంగుళూరు_నెల్లూరోడు
'ఇఫ్ ఓన్లీ' కూడా చెప్పండి మాస్టారూ. అదీ 'ఓన్లీ ఇఫ్' ఒకటే అనుకుని నేను చాలాకాలం వాడాను.

ఒంగోలు_మాస్టారు
రెండిటికీ ఏ సంబంధమూ లేదు. 'ఓన్లీ ఇఫ్' షరతు, రాతగాడు గారు చెప్పిన 'ఇస్తేనే'. 'ఇఫ్ ఓన్లీ' తీరని కోరిక. 'ఆ రోజు వాన పడి ఉంటే ఎంత బాగుండేది' అన్నది. తెలుగులో దానికి మాత్రమే వద్దు, 'ఏ' కూడా వద్దు. 'ఎంత బాగుండేది' చాలు.

విడవలూరు_చెరువు
మాకు ఆ వాక్యం పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున వస్తుంది. 'పోయిన వారం పట్టి ఉంటే ఎంత బాగుండేది.' రేటు పడిపోయిన ప్రతిసారీ.

డీఎస్సీ_దీక్ష
మాస్టారూ, ఒకసారి చూడండి. మాదిరి ప్రశ్నపత్రంలో ఇచ్చారు: 'ఓన్లీ వెన్ ది రెయిన్ స్టాప్డ్ డిడ్ దే లీవ్.' నేను 'వాన ఆగాకే వాళ్ళు బయలుదేరారు' అని రాశాను. మా స్నేహితురాలు 'వాన ఆగినప్పుడు మాత్రమే వాళ్ళు బయలుదేరారు' అని రాసింది. ఇద్దరికీ మార్కు వస్తుందా?

ఒంగోలు_మాస్టారు
నీది సరి. ఆమెది చదివితే వాన ఎన్నోసార్లు ఆగింది, ఆగినప్పుడల్లా బయలుదేరారు అన్నట్టుంది. ఓన్లీ ముందుకు వచ్చినప్పుడు వెనక క్రియ తిరగబడి 'డిడ్ దే' అయిందే, దాన్ని కూడా గుర్తుపెట్టుకో. ప్రశ్న ఎక్కువగా దాని మీదే ఇస్తారు.

డీఎస్సీ_దీక్ష
రాసుకున్నాను. స్నేహితురాలికి కూడా ఇప్పుడే పంపుతున్నాను.